విశ్లేషణ: ఊరి బడి దూరమైతే పిల్లలకు దూరమయ్యేది బడి ఒక్కటేనా? కిలోమీటర్ల లెక్కలో కనిపించని నష్టం ఇదే..

ఊళ్లో బడి ఉంటుందా? పక్క ఊరి బడిలో కలిపేస్తారా? ప్రతి ఏటా జూన్ దగ్గర పడుతుంటే తెలుగు రాష్ట్రాల్లో చాలా పల్లెల్లో వినిపించే ప్రశ్న ఇది. విలీనం, రేషనలైజేషన్, మ్యాపింగ్.. పేరు ఏదైనా చర్చ మాత్రం రెండు అంకెల చుట్టూనే తిరుగుతోంది. ఒకటి, బడిలో ఎంతమంది పిల్లలున్నారు? రెండు, కొత్త బడి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది?

కానీ ఐదారేళ్ల పిల్లాడికి బడి అంటే నాలుగు గోడలు, నల్లబల్ల మాత్రమే కాదు. బడికెళ్లే దారి, ఆ దారిలో కనిపించే చెరువు, గేటు పక్కన చెట్టు, వంట చేసే పక్కింటి పిన్ని.. ఇవన్నీ కలిపితేనే బడి. ఆ బంధం తెగితే ఏమవుతుంది? అలాగని ఒకే ఒక్క టీచర్‌తో ఊరి బడిని నడిపిస్తే సరిపోతుందా? రెండు వైపులా ఉన్న వాదనలేంటో చూద్దాం.

ముఖ్యాంశాలు

• దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు.. సంఖ్యలో ఏపీనే టాప్
• ఒక్క విద్యార్థి కూడా లేని బడుల్లో తెలంగాణకు రెండో స్థానం
• ప్రాథమిక బడి కిలోమీటరు లోపే ఉండాలంటున్న విద్యాహక్కు నిబంధనలు
• పరిసరాల పాఠం పరిసరాల్లోనే చెప్పాలంటే కావాల్సింది రెండో టీచర్

అంకెలు ఏం చెప్తున్నాయి?

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల ప్రకారం దేశవ్యాప్తంగా 1,04,125 పాఠశాలలు ఒక్క టీచర్‌తోనే నడుస్తున్నాయి. వాటిలో చదివే పిల్లలు దాదాపు 33.76 లక్షల మంది. సగటున చూస్తే బడికి 32 మంది. ఈ జాబితాలో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. తెలంగాణలో ఇలాంటివి 5 వేలకు పైగా ఉన్నాయి.

ఇదే నివేదికలో ఇంకో లెక్క కూడా ఉంది. ఆ ఏడాది ఒక్క పిల్లాడూ చేరని పాఠశాలలు దేశంలో 7,993. ఇందులో పశ్చిమ బెంగాల్ మొదటి స్థానంలో ఉంటే, 2,245 బడులతో తెలంగాణ రెండో స్థానంలో నిలిచింది.

ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే ప్రభుత్వాలు విలీనం వైపు ఎందుకు మొగ్గుతున్నాయో అర్థమవుతుంది. పిల్లలు తగ్గుతున్నారు, టీచర్లు చాలడం లేదు. అందుకే చిన్న బడులను కలిపేసి పెద్ద బడి చేద్దామన్నది లెక్క. వినడానికి సబబుగానే ఉంది. చిక్కంతా అమలు దగ్గరే వస్తోంది.

చట్టం ఏమంటోంది?

పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టంలో కీలకమైన మాట 'ఇరుగుపొరుగు బడి'. పిల్లాడు ఉండే చోటికి దగ్గర్లోనే బడి ఉండాలి. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 3 కిలోమీటర్ల లోపు అని కేంద్ర నమూనా నిబంధనలు చెప్తున్నాయి.

నిజానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషనే పేద, ధనిక తేడా లేకుండా ఒక ప్రాంతం పిల్లలంతా ఒకే బడిలో చదవాలని సిఫారసు చేసింది.

దూరం సంగతి అందరికీ తెలుసు. కానీ అదే చట్టంలో ఉన్న ఇంకొన్ని విషయాలు పెద్దగా చర్చకు రావు.

• 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి.
• ప్రతి బడికీ ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె, తాగునీరు, ఆడపిల్లలకు మగపిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు, వంటగది ఉండాలి.
• పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు.
• పిల్లలు తమంతట తాము చేసి, చూసి, వెతికి తెలుసుకునేలా చదువు సాగాలి.

అంటే చట్టం చెప్తున్నది కేవలం కిలోమీటరు గురించి కాదన్నమాట. ఊరికి దగ్గరగా, ఊరి చేతుల్లో, ఆరుబయట చోటుతో, కనీసం ఇద్దరు టీచర్లతో ఉండే బడి గురించి చెప్తోంది. ఈ నాలుగింటిలో మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని మనం వాదించుకుంటున్నాం.

ఏపీలో ఏం జరిగింది?

2022లో అప్పటి ప్రభుత్వం జీవో 117 తెచ్చింది. 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు మార్చారు. మూడో తరగతి నుంచే సబ్జెక్ట్ టీచర్ పాఠం చెప్తారన్నది దీని వెనకున్న ఉద్దేశం. ఫలితంగా చాలా ఊరి బడుల్లో 1, 2 తరగతులే మిగిలాయి. అన్న హైస్కూల్‌కి, చెల్లి ఊరి బడికి. ఎన్నో ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. హైవే దాటాలి, కాలువ గట్టు మీద నడవాలి, చిన్న పిల్లల్ని ఎలా పంపాలి అన్నది వాళ్ల ప్రశ్న.

ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవోను పక్కన పెట్టి కొత్త విధానం తెచ్చారు. ఇందులో ప్రధానమైనవి మోడల్ ప్రైమరీ స్కూళ్లు. తరగతికి ఒక టీచర్ ఉండాలన్నది లక్ష్యం. ఒకే టీచర్ ఐదు తరగతులను నెట్టుకొచ్చే బాధ తప్పుతుందన్నది ప్రభుత్వ వాదన. అయితే మోడల్ స్కూల్‌కు సరిపడా పిల్లలు ఉండాలంటే పక్క ఊళ్ల నుంచి కొందరు రావాలి కదా? ప్రశ్న మళ్లీ మొదటికే వచ్చింది. ఎవరి బడి నిలుస్తుంది, ఎవరి పిల్లలు నడుస్తారు?

తెలంగాణలో పరిస్థితి ఏంటి?

2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు-మన బడి' మొదలైంది. రూ.7,289 కోట్ల అంచనాతో మూడు విడతల్లో బడులను బాగు చేయాలన్నది ప్లాన్. అంతకుముందే 2019లో ఏపీ 'నాడు-నేడు' చేపట్టి తొలి విడతలోనే 15,715 స్కూళ్లను తీసుకుంది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే ఈ కమిటీకి సారథి. అంటే ఊరి ఆడవాళ్ల చేతికే బడి రిపేర్ల పని వచ్చింది.

ఇది మంచి మలుపే. కానీ కమిటీ చేతికి వచ్చింది ఎక్కువగా కరెంటు, నీళ్లు, బాత్రూమ్‌లు, చిన్నచిన్న మరమ్మతులు. బడిలో పాఠం ఎలా సాగుతోంది, పిల్లలు బయటికి వెళ్తున్నారా లేదా అని అడిగే వరకు ఆ చొరవ రావాల్సి ఉంది. రంగులు వేసిన గోడలు కనిపిస్తున్నా పిల్లలు లేని బడులు కూడా కనిపిస్తున్నాయంటే లోటు భవనంలో లేదన్నమాటే.

విలీనం వాదనలో బలం లేదా?

ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

ఒక్క టీచర్, ఐదు తరగతులు. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లలు భాగహారాలతో కుస్తీ పడుతుంటారు. మధ్యలో మధ్యాహ్న భోజనం ఫొటో అప్‌లోడ్ చేయాలి, అటెండెన్స్ యాప్ చూడాలి, ఎంఈవో ఆఫీస్ నుంచి ఫోన్ వస్తే రిపోర్ట్ పంపాలి. ఆ సార్‌కి జ్వరమొస్తే బడికే సెలవు. తోటి పిల్లలు నలుగురైదుగురే ఉంటే ఆటకు జట్టు కూడా కుదరదు.

తల్లిదండ్రులకు ఇదంతా తెలుసు. అందుకే కూలి పనికి వెళ్లేవాళ్లు కూడా అప్పు చేసి మరీ ప్రైవేట్ స్కూల్ వ్యాన్ ఎక్కిస్తున్నారు. చేదుగా ఉన్నా ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. ప్రభుత్వం బడిని ఊరి నుంచి తీసుకెళ్లకముందే చాలా చోట్ల ఊరే బడిని వదిలేసింది. పొద్దున ఏడున్నరకు పసుపు వ్యాన్ హారన్ కొడితే పిల్లలు ఎక్కి మండల కేంద్రానికి వెళ్తారు. చీకటి పడేటప్పటికి వస్తారు. కిలోమీటరు దూరం ఎక్కువంటూ ధర్నా చేసే ఊళ్లోనే పది కిలోమీటర్ల దూరం పంపేవాళ్లూ ఉన్నారు. కాబట్టి దూరం ఒక్కటే వాదన అయితే అది ఎక్కువ కాలం నిలబడదు.

మరి నిలబడే వాదన ఏది?

పాఠం పేరే 'పరిసరాల విజ్ఞానం'

మూడో తరగతి నుంచి పిల్లలకు పరిసరాల విజ్ఞానం అనే సబ్జెక్ట్ ఉంటుంది. పేరులోనే ఉంది విషయం. చెట్లు, జంతువులు, నీళ్లు, ఇళ్లు, తిండి, వృత్తులు, ఊరి పటం.. ఇవీ అందులోని పాఠాలు. బడిలో చదివే చదువు బడి బయటి జీవితంతో ముడిపడాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా తన మార్గదర్శక సూత్రాల్లో చెప్పింది.

ఊరి బడిలో ఈ పాఠానికి పెట్టుబడి అక్కర్లేదు. చెరువు నిండి అలుగు పారుతోందంటే నీటి పాఠం అక్కడే ఉంది. కట్ట మీద నిలబడి చూస్తే నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఏ పొలాలకు వెళ్తున్నాయి, ఎండాకాలంలో ఎందుకు అడుగంటుతాయి అని పిల్లలే అడుగుతారు. కుమ్మరి సారె, వడ్రంగి కొట్టు, మగ్గం, పాల కేంద్రం.. వృత్తుల పాఠం మొత్తం నాలుగు వీధుల్లో అయిపోతుంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి ఎక్కడ పూస్తాయో తెలంగాణ పల్లె పిల్లలకు టీచర్ కంటే బాగా తెలుసు. సంక్రాంతికి ధాన్యం ఇంటికొచ్చే వేళ కొలతల పాఠం చెప్తే మర్చిపోవడం కష్టం. బస్తా ఎన్ని కిలోలు, ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నది ఇంట్లో రోజూ వినే మాటే.

బడి వేరే ఊరికి మారితే ఇవన్నీ పుస్తకంలో బొమ్మలైపోతాయి. హైస్కూల్ పక్కన చెరువు లేకపోవచ్చు. ఉన్నా అది వాళ్ల చెరువు కాదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఊరి బడి చెరువుకు దగ్గరే. కానీ ఒక్క టీచరే ఉంటే పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లలేరు. ముప్ఫై మంది చిన్నపిల్లలు, నీళ్లు, గట్టు.. ఎవరైనా జారితే? బడిలో మిగిలిన వాళ్లను చూసేదెవరు? ఆ భయంతోనే చాలామంది టీచర్లు గేటు దాటరు. వాళ్లను తప్పు పట్టలేం. అటు పెద్ద బడిలో టీచర్లు ఉంటారు, కానీ అక్కడికి పిల్లల ఊరు రాదు. అంటే ఏకోపాధ్యాయ బడిలో పరిసరాలున్నా పాఠం లేదు, విలీన బడిలో పాఠం ఉన్నా పరిసరాల్లేవు.

అందుకే చట్టంలోని 'ఇద్దరు టీచర్లు' అన్న మాట అంత ముఖ్యం. అది కేవలం సిబ్బంది లెక్క కాదు. గేటు తెరుచుకోవాలంటే కావాల్సిన కనీస బలం.

వంటగదిలోనూ ఊరే

ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు దశాబ్దాలు దాటింది. ఊరి బడిలో వండేది సాధారణంగా ఆ ఊరి మహిళా సంఘం వాళ్లే. ఏ పిల్లాడు గుడ్డు తినడు, ఎవరింట్లో పొద్దున పొయ్యి వెలగలేదు అన్నది ఆ అమ్మకు తెలుస్తుంది. బిల్లులు ఆలస్యమైనా కిరాణా కొట్టులో అరువు తెచ్చి వండుతున్నది కూడా వాళ్లే. బడి వెనక నాలుగు మడులుంటే తోటకూర, గోంగూర, మునగ వేసుకోవచ్చు. పాఠశాల పెరటి తోటలకు కేంద్ర పథకంలోనే చోటు ఉంది. ఒక్క బడి మూతపడితే ఊళ్లో ఒకరిద్దరు ఆడవాళ్ల ఉపాధి కూడా పోతుంది. విలీనం ఫైల్‌లో ఈ లెక్క ఎక్కడా రాయరు.

ఇంకో విషయం. పశ్చిమ కర్నూలు వైపు, పాలమూరు వైపు కుటుంబాలు పనుల కోసం వలస వెళ్లే ఊళ్లున్నాయి. పత్తి తీతల సీజన్‌లో పిల్లలు బడికి రారు. ఊళ్లోని టీచర్ అయితే రెండు రోజులు కనిపించకపోతే ఇంటికే వెళ్లి అడుగుతారు. అవ్వ దగ్గర పిల్లల్ని ఉంచి వెళ్లమని నచ్చజెప్తారు. పక్క ఊరి పెద్ద బడిలో ఆ పిల్లాడు రిజిస్టర్‌లో ఒక ఆబ్సెంట్ గుర్తు మాత్రమే.

ఏజెన్సీలో సమస్య మరింత లోతు

మన్యంలో కిలోమీటరు అంటే మైదానంలో కిలోమీటరు కాదు. మధ్యలో గెడ్డ ఉంటుంది, కొండ ఉంటుంది. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ రోజుకి బడి లేనట్టే. గూడెంలోని బడి పోతే ఆరేళ్ల పిల్లల్ని కూడా ఆశ్రమ పాఠశాలలో వేయాల్సి వస్తుంది. అమ్మను వదిలి ఉండే వయసా అది?

భాష సంగతి ఇంకా పెద్దది. ఇంట్లో కువి, కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లాడికి తెలుగే రెండో భాష. ఇంగ్లిష్ మూడోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారు చేసి బహుభాషా విద్యను మొదలుపెట్టారు. ఆ పుస్తకం పనిచేయాలంటే ఆ భాష మాట్లాడే టీచర్ ఆ గూడెంలోనే ఉండాలి. నాలుగు గూడేల పిల్లల్ని కలిపి దూరంగా కూర్చోబెడితే ముందుగా పోయేది భాషే. అందుకే ఏజెన్సీకి పిల్లల సంఖ్య నిబంధన వేరుగా ఉండాలన్న డిమాండ్‌లో న్యాయం ఉంది.

మరి పట్నం బడి?

హైదరాబాద్, విశాఖ, విజయవాడ బస్తీల్లో దూరం సమస్య కాదు. చోటు సమస్య. ఇరుకు గదుల్లో, వాన పడితే నీళ్లు నిలిచే ఆవరణలో నడిచే బడులున్నాయి. ఆటస్థలం అంటే గేటు ముందు పది అడుగుల సిమెంట్ నేల. ఇక్కడ పిల్లలకు బయటి ప్రపంచం కావాలంటే పక్కనే ఉన్న పార్కు, లైబ్రరీ, మున్సిపల్ గ్రౌండ్ దిక్కు. అవి బడి వేళల్లో ఖాళీగానే ఉంటాయి. వారంలో రెండు పీరియడ్లు బడికి కేటాయిస్తే మున్సిపాలిటీకి పోయేదేమీ లేదు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

ఎండలు ముదురుతున్న కాలంలో చెట్టు కూడా మౌలిక సదుపాయమే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి రేకుల షెడ్డు కింద కూర్చోలేని పరిస్థితి. అదే ఆవరణలో నాలుగు వేపలు, కానుగలు ఉంటే నీడ ఉంటుంది, పాఠం చెట్టు కిందకు మారుతుంది. కొత్త గది కోసం పాత చెట్టు కొట్టేసే ముందు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

మొదటిది, బడి కలపాలా వద్దా అని నిర్ణయించే ముందు దూరాన్ని పటం మీద కాకుండా దారి మీద కొలవాలి. హైవే క్రాసింగ్, రైల్వే గేటు, కాలువ, వాగు ఉంటే ఆ కిలోమీటరును కిలోమీటరుగా లెక్కపెట్టకూడదు. రవాణా భత్యం కింద సమగ్ర శిక్షలో ఏడాదికి రూ.6 వేల వరకు ఇచ్చే వీలుంది. కానీ ఆటోనే రాని ఊరికి ఆ డబ్బు దేనికి?

రెండోది, నిలబెట్టాలనుకున్న ఊరి బడికి రెండో టీచర్‌ను ఇవ్వాలి. అది కుదరని చోట దగ్గర్లోని పెద్ద బడి నుంచి వారంలో కొన్ని రోజులు టీచర్ వచ్చే పద్ధతి పెట్టొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన ఇదే. పిల్లల్ని తరలించే ముందు టీచర్‌ను కదిలించి చూడాలి.

మూడోది, శనివారాలను వాడుకోవాలి. ఏపీలో 2025-26 నుంచి శనివారం నో బ్యాగ్ డే అని ప్రకటించారు. పుస్తకాల సంచి లేని రోజున కూడా పిల్లలు గదిలోనే కూర్చుంటే ఆ రోజుకు అర్థమేంటి? ఇద్దరు తల్లులు, ఒక రిటైర్డ్ టీచర్, ఊరి యువకుడు ఒకరు తోడొస్తే చెరువు గట్టుకో, పోస్టాఫీస్‌కో, నర్సరీకో వెళ్లి రావొచ్చు. వెళ్లే ముందు చోటు చూసుకోవడం, నీళ్ల సీసాలు, పేర్ల జాబితా, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఇంతే కావాల్సింది.

నాలుగోది, కమిటీలు సంతకాలకే పరిమితం కాకూడదు. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ఆ కాగితం మీద ప్రహరీ, పెయింట్‌తో పాటు ఆటస్థలం, చెట్లు, పెరటి తోట, నెలకో బయటి పాఠం అని రాయించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. కమిటీ మీటింగ్ ఎప్పుడు జరిగింది, అందులో ఏం రాశారు అని హెచ్ఎంను అడిగితే చాలు, కదలిక మొదలవుతుంది.

చివరి మాట

విలీనాన్ని వ్యతిరేకించే వాళ్లు ఊరి బడిని కాపాడాలంటున్నారు. సమర్థించే వాళ్లు పిల్లాడికి చదువు రావాలంటున్నారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఒక్క టీచర్‌తో వదిలేసిన బడి ఊరికి దగ్గరగా ఉన్నా చదువుకు దూరమే. టీచర్లున్నా పిల్లాడి ఊరితో సంబంధం లేని బడి అతనికి కొత్త చోటే. ఎంచుకోవాల్సింది ఈ రెండింట్లో ఒకటి కాదు. మొదటిదానికి టీచర్‌ను, రెండోదానికి ఊరిని చేర్చడం.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు ఏ ఊరి బడి ఏ బడిలో కలిసిందన్న జాబితాలు మళ్లీ వస్తాయి. ఆ జాబితాలో పిల్లల సంఖ్య, దూరం కాలమ్‌ల పక్కన ఇంకో కాలమ్ ఉందేమో చూడండి. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఆ ఊరి తల్లులను ఎవరైనా అడిగారా అని. లేకపోతే గ్రామసభలో మీరే అడగండి.